మూట కట్టని పట్టు

బాన్ నోన్‌హిన్
బౌద్ధ శకం 2528, మే 12

తమ్ముడు పైథూన్‌కి,

నీ అక్క రాస్తున్నది. అక్షరాలు గుమ్మడికాయల్లా ఉన్నాయని నవ్వకు, నా కళ్లజోడు మీ బావ తొక్కేశాడు. తొక్కి, "కనపడే చోట పెట్టుకోవద్దూ" అని నన్నే కసిరాడు. ఇంట్లో అందరం బాగున్నాం. వాన కోసం వెదురు రాకెట్లు ఆకాశంలోకి వదిలే పండగ చేశాం. మన ఊరి రాకెట్టు తాటిచెట్టు ఎత్తు కూడా లేవకుండా కూలబడింది. దాన్ని కట్టినవాళ్లని ఎప్పటిలాగే బురదలో దొర్లించాం. వాన మాత్రం రాలేదు.

రాయడానికి అసలు కారణం పట్టుపురుగులు. ఈ విడత మన వాటిల్లో పావు వంతు గూడు కట్టలేదు. జబ్బు కాదు. జబ్బు పురుగు నాకు తెలుసు, నల్లబడి వాసనేసి చస్తుంది. ఇవి ఆకు శుభ్రంగా తిన్నాయి, ఒళ్లు పసుపు తేలాయి. గూళ్లు కట్టే చంద్రిక మీద వేస్తే తలలెత్తి అటూ ఇటూ ఊపాయి కూడా. దారం రాలేదు. ఊపి ఊపి, చివరికి ఒంటిమీద నూలుపోగు లేకుండా బోడిగా ప్యూపాలైపోయాయి. పోయిన చలికాలంలో ఇలాంటివి గుప్పెడు వస్తే పట్టించుకోలేదు. ఇప్పుడు మన ఇంట్లోనే కాదు, పక్కన నాలుగిళ్లలోనూ ఇంతే. అమ్మ పోయాక విత్తనం గుడ్లకి అందరూ నా గుమ్మానికే కదా వస్తారు, ఇప్పుడు ఏడుపులకీ నా గుమ్మానికే వస్తున్నారు.

చంతా పిన్ని ఇంట్లో మాత్రం బోడిది ఒక్కటీ లేదు. కంచె అవతలే ఆవిడ ఇల్లు. అదే మల్బరీ తోట, అదే గాలి. నిన్న ఆకు కోస్తూ ఆడవాళ్లతో అన్నాను, "మా పురుగుల కడుపులో పట్టు ఎవరు తింటున్నారో ఏమో గానీ, పిన్ని గూళ్లు చూడండే, కళ్లు చెదురుతున్నాయి" అని. ఊరికే అన్నమాట. ఎందుకో ఎవరూ నవ్వలేదు.

నువ్వు పనిచేసే యంత్రంలో ఈగ కాలి వెంట్రుక ఏనుగు తొండమంత కనిపిస్తుందని గొప్పలు పోయావు కదా. అయితే ఇది చూసి చెప్పు.

నీ ముక్కు తుడిచి పెంచిన
అక్క బువాలయ్

*

బాంకాక్
మే 21

అక్కా,

కళ్లజోడు పంపిస్తున్నాను. బావకి కనపడని చోట పెట్టుకో.

యంత్రం నాది కాదు, విశ్వవిద్యాలయానిది. గాజు ముక్కతో నమూనాల్ని ఉల్లిపొర కంటే పల్చగా కోసి ఆ యంత్రం కిందికి పంపడం నా పని. మా ఆచార్యురాలికి చెప్పాను. ఆవిడ రెండు రోజులుగా పురుగుల గురించే మాట్లాడుతోంది. చచ్చినవి పనికిరావు, సారాయిలో వేసినవీ పనికిరావు. వచ్చే విడతలో నాలుగో కుబుసం విడిచి, గూడు కట్టడానికి సిద్ధమైనవాటిని ఆకుతో సహా వెదురు బుట్టలో పెట్టి రాత్రి బస్సు కండక్టరుకి ఇవ్వు. నేను బస్సుల స్టాండులో ఉంటాను.

ఇంకొక మాట. ఆకు తోటలో నువ్వన్నది నాకు నచ్చలేదు. మన ఊళ్లో 'లోపల తినడం' అంటే ఎవరి పనో నీకు తెలియదా? పోబ్ అనే దయ్యం మనిషిలో చేరి, పక్కవాళ్ల పేగులు కొంచెం కొంచెంగా తింటుందని పన్ అనే ముసలాయన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టిన రోజు నాకు ఆరేళ్లు. ఆయన కుండలు దారిలో పగలగొట్టారు. ఆయన కూతురు ఒక్క దిండు చంకన పెట్టుకుని వెనకే నడిచింది. అమ్మ నా కళ్లు మూసింది గానీ వేళ్ల సందుల్లోంచి చూశాను. పిన్ని ఒంటరి మనిషి, నవ్వదు, ఎవరింటికీ పోదు. అలాంటి వాళ్ల గురించి ఊరికే అనే మాటలుండవు.

తమ్ముడు
పైథూన్

*

బాన్ నోన్‌హిన్
జూన్ 15

తమ్ముడూ,

కళ్లజోడు అందింది. ఇప్పుడు మీ బావ ముఖం స్పష్టంగా కనిపిస్తోంది, పాతదే నయం.

బుట్ట వారం కిందటే రాత్రి బస్సుకి పంపాను, అందే ఉంటుంది. కండక్టరు ముక్కు మూసుకుని, "ఇవి టికెట్ తీసుకుంటాయా?" అన్నాడు. పిల్లల్ని నిద్ర లేపనట్టు మెల్లగా తీసుకెళ్లమని చెప్పాను. ఈ విడత నీకు పంపినవి పోగా మిగిలినవి చంద్రికలెక్కాయి. సగానికి పైగా బోడివే. మీ బావ తట్టల ముందు కూచుని లేవడం లేదు. ఇంట్లో ఒకరి మాట ఒకరికి పడటం లేదు.

పిన్ని గురించి నాకు పాఠం చెప్పావు. సరే. కానీ ఊరి నోరు నా చేతిలో ఉందా? నేను ఒక మాట అంటే వాళ్లు పది అన్నారు. మొన్న పిన్ని గుమ్మానికి ఎవరో ముళ్లకొమ్మ కట్టారు, పోబ్ బయటికి రాకుండా. ఆవిడ దాన్ని విప్పి, నరికి, పొయ్యిలో పెట్టి ఆ మంట మీదే అన్నం వండుకుంది. కంచె మీదుగా నన్ను చూసి, "మీ పురుగులు ఎలా ఉన్నాయే?" అంది. బాగున్నాయన్నాను. ఎందుకన్నానో తెలీదు. నీ మొదటి బడి చొక్కా ఆవిడ పట్టు అమ్మి కుట్టించిందే, నేను మర్చిపోలేదు. అయినా ఆవిడ గూళ్లు అలా పచ్చగా మెరుస్తుంటే, తమ్ముడూ, అటు కనపడకుండా కంచె మీద చాపలు ఆరేస్తున్నాను.

తొందరగా చూసి చెప్పు.

అక్క

*

బాంకాక్
జూన్ 29

అక్కా,

దొరికింది. ఉత్సాహం ఆగక ఫొటో కూడా పెడుతున్నాను.

పురుగు ఒంట్లో పొడుగునా రెండు పట్టు గొట్టాలుంటాయి. ఆ గొట్టాల గోడ కణాలతో కట్టింది. ఒక్కొక్క కణంలో జరిగే పని నీ ఇంట్లో రోజూ పొద్దున్న జరిగేదే. బంకన్నం పొయ్యి మీద ఉడికిస్తావు, చెక్క పళ్లెంలో పరిచి ఆవిరి పోనిస్తావు, మూత బుట్టల్లో సర్దుతావు, బావ భుజాన వేసుకుని పొలానికి మోస్తాడు. అలాగే కణంలో పట్టు తయారయ్యే అరలు ఒకచోట ఉంటాయి. తయారైన పట్టు చిన్న చిన్న బుడగల్లో ఎక్కి, పళ్లేల దొంతరలా ఉండే ఇంకో చోటికి చేరుతుంది. దాన్ని గాల్జీ అంటారు. అక్కడ పట్టుని సర్ది, మూటలు కడతారు. ఆ మూటలు కణం అంచుదాకా వెళ్లి, గోడకి అతుక్కుని, మూతి విప్పి, సరుకుని గొట్టంలోకి వదులుతాయి. ఆ సరుకే నోటి దగ్గర దారమవుతుంది.

మన పురుగుల్లో పట్టు తయారవుతోంది. వండుతున్నారు, కానీ బుట్టలోకి ఎక్కించడం లేదు. మొదటి అరలు పట్టుతో ఉబ్బిపోయి ఉన్నాయి, గాల్జీ పళ్లేలు ఖాళీ, ఒక్క మూటా లేదు. పట్టు పోగుకి ఒక చిన్న జోడీ ఉంటుందట. ఆ జోడీ పుట్టుకతోనే చెడితే పోగుని గడప దాటనివ్వరని మా ఆచార్యురాలి అనుమానం. ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు.

ఇక పనికిరాని సరుకుని తినేసే సంచులు ప్రతి కణంలోనూ ఉంటాయి, లైసోజోములు. చిక్కుకుపోయిన పట్టుని అవి కొంచెం కొంచెంగా తినేస్తున్నాయి. ఫొటోలో నల్లగా గుండ్రంగా కనిపించేవి అవే. చూశావా, పట్టుని ఎవరో లోపల్లోపలే తింటున్నారని ఆకు తోటలో నువ్వన్నది ఒకరకంగా నిజమే.

బావకి చదివి వినిపించు. ఆయనకి నేను పనికిమాలినవాడిననే అభిప్రాయం ఉంది.

తమ్ముడు

*

బాన్ నోన్‌హిన్
జూలై 7

తమ్ముడూ,

నీ ఉత్తరం ఒక్క మీ బావకే ఎందుకు, ఊరి పెద్ద ఇంటి అరుగు మీద అందరికీ చదివాను. నా తమ్ముడు బాంకాక్ యంత్రంలో చూసి రాశాడంటే అందరూ నోళ్లు తెరిచి విన్నారు. బంకన్నం దగ్గర నవ్వారు. మూటల దగ్గర తలలూపారు. తినేసే సంచుల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ కదల్లేదు.

పక్క జిల్లా నుంచి ఒక మంత్రగాడు వచ్చి ఊరి పెద్ద ఇంట్లోనే దిగి ఉన్నాడు. నీ ఫొటో అడిగి తీసుకున్నాడు. ఆ నల్ల గుండ్రాల మీద గోరు పెట్టి, "ఇదిగో నోరు. ఇదిగో, ఇంకో నోరు" అన్నాడు. ఊరి పెద్ద పెళ్లాం గుండెల మీద చెయ్యేసుకుంది. "మనం అంటే మూఢులం అంటారు. ఇప్పుడు బాంకాక్ యంత్రమే పట్టేసిందిగా" అన్నాడు ఊరి పెద్ద. ఫొటో ఇంటింటికీ తిరుగుతోంది. పాల పిల్లలున్న తల్లులు చూడకుండా పక్కకి తిప్పుకుంటున్నారు.

వాన ఆలస్యమైంది కాబట్టి నాట్లు ఇంకా పడలేదు. నాట్లు పూర్తయిన మర్నాడు విహారం సావిట్లో పిన్నిని కూచోబెట్టి పోబ్‌ని వదిలిస్తారట. వదిలినా ఆవిడ ఊళ్లో ఉండకూడదట.

నన్ను తిడతావని తెలుసు. కానీ నాకూ భయమేసింది. తింటున్నాయని రాసింది నువ్వే కదా. నేనన్నది నిజమేనని రాసిందీ నువ్వే. నువ్వు అబద్ధం రాస్తావా?

అక్క

*

బాంకాక్
జూలై 13

అక్కా,

ఇది చదివాక ఇంకెవరికీ చదివి వినిపించకు.

తినేది పురుగు సొంత కణమే. బయటి నుంచి ఎవరూ దూరలేదు. ఆ సంచులు నీ కణాల్లో ఉన్నాయి, నా కణాల్లో ఉన్నాయి, ఫొటో మీద పెట్టిన ఆ మంత్రగాడి వేలు కోసి చూస్తే అందులోనూ ఉంటాయి. అవి లేకపోతే బతకలేం. నేను ఒక వెక్కిరింత మాట రాశాను, నువ్వు దాన్ని తీసుకెళ్లి ఒక మనిషి మెడకి కట్టావు. తప్పు ఇద్దరిదీ. ఆ ఫొటో వెనక్కి తీసుకుని తగలబెట్టు. వద్దు, తగలబెట్టకు, భయపడి కాల్చావంటారు.

నాకు మూడు సంగతులు సరిగ్గా రాయి. విత్తనానికి నువ్వు ఏ గూళ్లు ఉంచుతున్నావు? పిన్ని ఏవి ఉంచుతుంది? బోడివి వచ్చిన ఆ నాలుగిళ్లూ గుడ్లు ఎక్కడివి? పుట్టుకతో వచ్చే లోపమైతే అది గుడ్ల వెంటే నడవాలి, మనుషుల వెంట కాదు.

నాలుగోది కూడా అడుగుతాను. పోబ్ అనే మాట ఊళ్లో మొదట ఎవరి నోట వచ్చింది?

బుద్ధి తెలిసినప్పటి నుంచీ మనం ఆకాశం వైపు చూసి వాన అడిగినవాళ్లమే. ఈ ఏడాది పడకూడదని కోరుకుంటున్నాను. పాపమో పుణ్యమో తెలీదు.

పైథూన్

*

బాన్ నోన్‌హిన్
జూలై 22

పైథూన్‌కి,

నీ కోరిక తీరలేదు. మూడు రోజులుగా వాన కుండపోత. ఊరంతా పొలాల్లోనే ఉంది.

మెడకి కట్టావన్నావు. నన్ను అంత మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది? నువ్వు అక్కడ చల్లటి గదిలో గాజు ముక్కలతో పురుగులు కోసుకుంటావు. ఊళ్లో ఉండాల్సింది నేను, నలుగురితో నీళ్లు పంచుకోవాల్సింది నేను.

విత్తనం గురించి అడిగావు. చెప్పడానికి ఏముంది? నేను అమ్మలాగా, పిన్నిలాగా మంచి గూళ్లు పాడు చేసుకోను. పురుగు రెక్కల చిలకై గూడు తొలుచుకుని బయటికొస్తే ఆ గూడు దారానికి పనికిరాదు కదా. పిన్ని ఇప్పటికీ తట్టలో అన్నిటికంటే గట్టి గూళ్లు ఏరి విత్తనానికి వదిలేస్తుంది. నేను ఆవిడని దుబారా మనిషని ఏడిపిస్తాను కూడా. చలికాలంలో మొదటిసారి బోడివి వచ్చినప్పుడు అనుకున్నాను, వీటికి తొలవడానికి గూడే లేదు, దారం ఇవ్వనివాటిని మరిగే నీళ్లలో వేసి పాపం మూటగట్టుకోవడం దేనికి, వీటినే చిలకలు కానిద్దామని. ప్రాణం నిలిపిన పుణ్యం, గూళ్లన్నీ దారానికే మిగిలాయి. అప్పటి నుంచీ విత్తనం అవే పెడుతున్నాయి. చాలనప్పుడు నాసిరకం గూళ్లు నాలుగు కలుపుతాను. ఆ నాలుగిళ్లకీ గుడ్లు నావే. ఇందులో తప్పు పట్టడానికి నీకు ఏముందో చూద్దాం.

నిన్న పిన్ని ఒక్కతే నాట్లు వేసుకుంది. సాయానికి ఎవరూ వెళ్లలేదు. ప్రతి ఏడూ ఆవిడ అందరి పొలాల్లోనూ వంగుతుంది. మీ బావ గట్టు దిగబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆవిడ ఒక్కసారి నడుం పట్టుకుని లేచి మా వైపు చూసి, మళ్లీ వంగింది. రాత్రి నా అన్నం కుక్కకి పెట్టాను.

నాలుగో ప్రశ్నకి జవాబు నాకు తెలీదు. ఊరంతా అంటోంది.

బువాలయ్

*

బాంకాక్
జూలై 26
(బస్సు కండక్టరు చేతికి)

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

గూడు కట్టగలిగినవాటన్నిటినీ మరిగే నీళ్లలో వేశావు. కట్టలేనివాటిని ఏరి తల్లుల్ని చేశావు. వాటి పిల్లలు వాటిలాగే పుడతాయి. పట్టు వండుకుంటాయి, మూట కట్టలేవు. ఆ పిల్లల్లో బోడివాటిని మళ్లీ తల్లుల్ని చేశావు. అందుకే గుప్పెడు తట్టయింది, తట్ట ఊరయింది. జాలితో చేశావని నాకు తెలుసు. కానీ జరిగింది ఇదే. నీ గుడ్లు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ బోడివున్నాయి, వెళ్లని ఇంట్లో లేవు. పిన్ని నీ గుడ్లు తీసుకోలేదు, అంతే ఆవిడ చేసిన నేరం.

ఇది సావిట్లో నువ్వే చెప్పాలి. నేను రాసింది చదివితే మళ్లీ ఇంకేదో వింటారు. నీ నోటితో చెప్పు. నేను రేపు సాయంత్రం బస్సు ఎక్కుతున్నాను.

తమ్ముడు

*

బాన్ నోన్‌హిన్
ఆగస్టు 2

తమ్ముడూ,

నువ్వు రాలేదు. బస్సులేవీ రాలేదు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలీదు. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో కూడా తెలీదు.

కండక్టరు చేతికిచ్చిన నీ చీటీ వంతెన కూలకముందే అందింది. మొదట చదివి, ఇది నన్ను ఏడిపించడానికి రాశాడనుకున్నాను. తర్వాత తట్టల దగ్గర కూచుని ఒక్కొక్క ఇల్లూ గుర్తు చేసుకున్నాను. ఎవరెవరికి గుడ్లు పెట్టించిన గుడ్డ చుట్టి ఇచ్చానో, ఎవరెవరు ఏడుస్తున్నారో. ఒక్క ఇల్లు కూడా తప్పలేదు.

సావిట్లో పిన్ని చుట్టూ, దయ్యం దాటకుండా మంత్రించిన నూలు తిప్పి కూచోబెట్టారు. మంత్రగాడు బెత్తం నేలకి కొట్టి, "నువ్వెవరు? ఎక్కడి నుంచి వచ్చావు?" అని అడిగాడు. లోపలున్న పోబ్ పేరు చెబుతుందని అందరూ ముందుకి వంగారు. పిన్ని వక్కాకు పక్కకి ఉమ్మి, "చంతాని. ఇక్కడే పుట్టాను. నువ్వెక్కడివాడివి?" అంది.

అప్పుడు లేచాను. మీ బావ భుజం పట్టుకుని నిలబడ్డాను. విత్తనం సంగతి మొత్తం చెప్పాను, దారానికి ఆశపడి నేను చేసిన పనంతా. ఊరి పెద్ద పెళ్లాం, "ఇదిగో, దీనిలోకి కూడా దూరింది" అంది. నా చుట్టూ కూచున్నవాళ్లు వెనక్కి జరిగారు. చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్లు, తమ్ముడూ, నా నీడ తగలకుండా జరిగారు.

నాకు కోపం వచ్చింది. భయం కంటే అదే మంచిది. "దూరితే దూరింది, ఇద్దర్నీ ఒకేసారి తోలేయండి, ఖర్చు కలిసొస్తుంది. కానీ ఒక్క విడత ఆగండి" అన్నాను. పిన్ని గుడ్లూ నా గుడ్లూ నా ఇంట్లోనే, పక్కపక్క తట్టల్లో, ఒకే ఆకుతో పెంచుతాను. పిన్ని ఆ తట్టల కిందే పడుకుంటుంది. ఆవిడ తినేదైతే రెండూ తినాలి. పిన్ని పురుగులు కూడా బోడివైతే నేనూ మీ బావా ఆవిడతో కలిసి ఊరు వదిలిపోతాం. అలా అన్నాను. మీ బావని అడగలేదు. ఆయన గొంతు సవరించుకుని, "అవును, అంతే" అన్నాడు. ఇన్నేళ్లలో నేను ఆ మనిషిని ఇంత ఇష్టపడింది లేదు.

పెద్ద భిక్షువు తల ఊపాడు. మంత్రగాడు బెత్తం చుట్టుకున్నాడు గానీ ఊరు వదల్లేదు, కాచుకుని కూచున్నాడు. గుడ్లు రెండు రకాలూ ముందే పగిలి ఉన్నాయి, పురుగులు ఇప్పటికే నువ్వుల గింజంత అయ్యాయి. ఊరి ఆడవాళ్లు వంతులేసుకుని మా ఇంట్లో కాపలా కూచుంటున్నారు. పిన్ని నాతో మాట్లాడదు. ఆకు తరుగుతుంది, పడుకుంటుంది.

అక్క

*

బాంకాక్
ఆగస్టు 14

అక్కా,

వంతెన కొట్టుకుపోయి బస్సు సగం దారిలోంచి వెనక్కి తిప్పాడు. తర్వాత నాకు జ్వరం, ఆసుపత్రిలో పడ్డాను. నీ ఉత్తరం ఇవాళే చేరింది. చదివి, నువ్వు మా అక్కవని వార్డులో ఉన్న ప్రతివాడికీ చెప్పాను.

ఇప్పుడు నీకు చెప్పడానికి నాకు ధైర్యం చాలని సంగతి ఒకటుంది. పందెం వేసేముందు నన్ను అడిగి ఉంటే ఆపేవాణ్ని. పిన్ని విత్తనం, నీ విత్తనం రెండూ అమ్మమ్మ ఇంటివే. లోపం పిన్ని పురుగుల్లోనూ దాగి ఉండొచ్చు. పైకి కనపడకుండా ఉండి ఈ విడతలోనే బయటపడొచ్చు. కాదని చెప్పగలిగే యంత్రం మా దగ్గర లేదు. పైగా వాన చలికి మంచి పురుగు కూడా దారం తీయడానికి మొరాయిస్తుందని నీకు తెలుసు. రాత్రిళ్లు చిన్న పొగలేని నిప్పు పెట్టు. తట్టలు గాలికి దూరంగా జరుపు.

ఓడిపోతే ముగ్గురూ నా దగ్గరికి రండి. గది చిన్నది, సరిపోతాం.

పైథూన్

*

బాన్ నోన్‌హిన్
సెప్టెంబరు 3

తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. తెచ్చినావిడని ముందు లోపలికి రమ్మని, కూచోబెట్టు. అన్నం పెట్టు. బంకన్నమే, ఆ బాంకాక్ పొడి అన్నం ఆవిడకి మింగుడు పడదు. తర్వాత చదువుకో.

పురుగులు చంద్రిక ఎక్కిన రోజు ఆగని ముసురు. ఊరంతా మా ఇంట్లో, ఇల్లు పట్టక మెట్ల మీద, మెట్లు పట్టక చూరు కింద. నా పురుగులు తలలూపాయి. పిన్ని పురుగులూ తలలూపాయి. పొద్దు గూకేదాకా రెండు చంద్రికల్లోనూ ఏమీ లేదు. మంత్రగాడు గోడకి ఆనుకుని వక్క నములుతున్నాడు. ఊరి పెద్ద పెళ్లాం నా కుండల వైపు చూస్తోంది, ఏవి ముందు పగలగొట్టాలో ఎంచుకుంటున్నట్టు. నాకు నువ్వు రాసిన నిప్పు సంగతి గుర్తొచ్చి లేవబోయాను. పిన్ని అప్పటికే కుంపటి తెచ్చి చంద్రికల కింద పెడుతోంది, నా దాని కిందా ఒకటి, తన దాని కిందా ఒకటి. "చలికి అవేం చేస్తాయి పాపం" అంది. సావిడి తర్వాత నేను విన్న మొదటి మాట అదే, అదీ పురుగుల గురించి.

తెల్లారి మీ బావ కేకేశాడు. పిన్ని చంద్రిక నిండా పసుప్పచ్చ పొర. మూడో రోజుకి గూళ్లు గింజల్లా గట్టిపడ్డాయి, వెతికి చూసినా బోడిది లేదు. నా చంద్రికలో దాదాపు అన్నీ బోడివే. రెంటి మధ్యా జానెడు దూరం.  మంత్రగాడు మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయాడు, ఊరి పెద్ద సంచీ మోశాడు.

మర్నాడే పిన్ని గుమ్మంలో వరస కట్టారు, విత్తనం కోసం. పాల పిల్లల తల్లులు ముందు. పిన్ని ఈ విడత గజం దారం కూడా తీయలేదు. గూళ్లన్నీ చిలకలకే వదిలేసి, ఇంటింటికీ గుడ్ల గుడ్డ చుట్టి ఇచ్చింది. ముళ్లకొమ్మ కట్టినవాళ్లకీ ఇచ్చింది. నా దోసిట్లో పెట్టేటప్పుడు, "గట్టివి ఏరి ఉంచు. పిసినారితనం చెయ్యకు" అంది. అంతే. నా పాత విత్తనం మొత్తం కోళ్లకి వేశాను.

అంతా సర్దుకుందనుకున్నాను. నిన్న ఆవిడ మూట కట్టుకుంది. మీ బావ ఆపబోయాడు. "పొమ్మన్నప్పుడు పోనన్నాను. ఇప్పుడు ఎవరూ పొమ్మనట్లేదు కదా, పోతాను" అంది. ఎక్కడికంటే నీ దగ్గరికట. "ఆ ఫొటోలో నా నోరు ఉందని ఊరంతా చూశారు. నేను ఒక్కదాన్నే చూడలేదు. పిల్లాడి యంత్రంలో చూసుకొస్తాను" అంది. మళ్లీ వస్తావా పిన్నీ అంటే మూట ముడి బిగించుకుంది. ఫొటో ఊరి పెద్ద ఇంటి నుంచి తెచ్చి ఆవిడ సంచీలో పెట్టాను.

పోబ్ మాట మొదట ఎవరి నోట వచ్చిందన్న నీ నాలుగో ప్రశ్నకి తెలీదని రాశాను. అది అబద్ధం, నీకూ తెలుసు.

ఇక కింద ఉన్నది నీకు కాదు. పిన్నికి చదువు రాదు. ఎదురుగా కూచుని, గట్టిగా, మెల్లగా చదివి వినిపించు.

పిన్నీ, లోపల తింటున్నారనే ఆ మాట మొదట అన్నది నేనే. ఆకు తోటలో, నీ గూళ్లు చూసి ఓర్వలేక అన్నాను. తర్వాత అది ఊరంతా తిరుగుతుంటే, నాది కాదన్నట్టు నేనూ విన్నాను. సావిట్లో విత్తనం తప్పు ఒప్పుకున్నాను గానీ ఇది ఒప్పుకోలేదు. బస్సు దగ్గర చెబుదామనే వచ్చాను. నువ్వు నీ కండువాతో నా నుదుటి మీది వాన నీళ్లు తుడిచావు, చెప్పకుండా పక్కకొచ్చి, బస్సు కదిలేలోగా ఇది రాసి నీ చేతికిస్తున్నాను. తమ్ముడు ఆ ఫొటో చూపించినప్పుడు అందులో నోరు ఎక్కడుందో వెతక్కు. ఆ నోరు నాది. ఇక్కడే, నీ కంచె ఇవతల ఉంది.

బువాలయ్